భుజాల మీద గృహనిర్మాణం

సాన్ దమాసో నగరంలో ఇల్లు లేని పేదవాడు వంద రోజుల తరవాత కలికానికి కూడా కనబడడని మేయర్ బుస్తోస్ గారు ప్రకటించినప్పుడు, జనం వానలో తడుస్తూ చప్పట్లు కొట్టారు. గొడుగులుంటే వెనకవాళ్ళకు మేయర్ గారు కనబడరని మైకులో చెప్పి ముందే మూయించారు. పద్నాలుగు వార్డుల్లో వార్డుకో నమూనా ఇల్లు లేస్తుంది. రాజధాని నుంచి తనిఖీ అధికారి వచ్చి, పద్నాలుగూ చూసి తల ఊపితే పద్నాలుగు వేల ఇళ్ళు మంజూరవుతాయి.

తలుపు మీద మేయర్ గారి బొమ్మ నవ్వుతూ ఉండాలా, ఆలోచిస్తూ ఉండాలా అన్న చర్చకే తొంభై రోజులు పట్టింది. తొందరపడే ప్రభుత్వం కాదది. చివరికి నవ్వే బొమ్మ ఖాయమైంది గాని, అతికించడానికి ఎక్కడా తలుపు లేదు.

అప్పుడు గృహనిర్మాణ శాఖ ఇంజినీరు పలోమార్ కన్ను కాలవగట్టున ఊర్సింగ్ ఇంటి మీద పడింది; పెద్దావిడ గనక ఊరంతా ఆవిడను మర్యాదగా ‘ఆలింగ్’ అంటారు. అరటిపళ్ళు పంచదార పాకంలో వేయించి, పుల్లకు గుచ్చి అమ్ముకునే ముసలావిడ. ఆ ఇల్లు, వడ్రంగి అయిన ఆవిడ భర్త పోయేముందు వెదురుతోనూ ఆకుతోనూ కట్టినది. గట్టు మీద మిగతావన్నీ రేకులూ అట్టముక్కలూ, చెయ్యి వేస్తే ఊడొస్తాయి. ఇదొక్కటే బొంగులు దూర్చి ఎత్తితే ఎత్తినట్టు లేస్తుంది. ఇల్లు మారేవాళ్ళ ఇంటిని ఇరుగుపొరుగు భుజాన మోసుకెళ్ళి కొత్తచోట దింపడం, మోసినవాళ్ళకు ఇంటివాళ్ళు భోజనం పెట్టడం అక్కడ తాతల నాటి మర్యాద. దాన్ని ప్రభుత్వ పథకం చేసిన ఘనత మాత్రం పలోమార్‌దే.

ఒక్కరోజు ఇల్లు అరువివ్వమని, సాయంత్రానికి ఉన్నచోటే దింపిస్తానని అతను అడిగాడు.

"ఇస్తాను గాని సార్, ఈ జాగాకు నా పేరున కాగితం ఇప్పించండి," అంది ఊర్సింగ్. "ప్రతి వానాకాలం మీవాళ్ళొచ్చి గోడ మీద ఎర్ర గుర్తేసి పోతున్నారు. ఎప్పుడు కూలుస్తారోనని ముప్పై ఏళ్ళుగా నాకు కంటి మీద కునుకు లేదు."

పలోమార్ వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు.

తనిఖీ రోజు గట్టు మీది నలభై మంది మగవాళ్ళు ఇంటిని మొదటి వార్డుకు మోసుకెళ్ళారు. తనిఖీ అధికారి, లాయరు చదివిన అటార్నీ కింటోస్, ఇంటితోబాటే వచ్చి గుమ్మంలో నించున్న ఊర్సింగ్ పేరు రాసుకుని, సంతకం చేసి, తనకోసం విందుకు పెట్టిన పందిమాంసం వేపుడు దగ్గర కూర్చున్నారు. ఆయన చెయ్యి కడుక్కునేలోగా ఇల్లు వెనక వీధిన రెండో వార్డుకు చేరి, నంబరు పలక మార్చుకుంది. అయిదో వార్డులో ఆయన కాస్త అనుమానంగా చూశారు.

"ఈవిడ ఇందాకా ఎక్కడో కనబడిందే?"

"పేదవాళ్ళంతా ఒక్కలాగే ఉంటారు సార్," అన్నాడు పలోమార్.

అటార్నీ గారు చదువుకున్నవారు గనక ఒప్పుకుని రాసుకున్నారు.

తొమ్మిదో వార్డు చేరేసరికి మోసేవాళ్ళ భుజాలు వాచిపోయాయి. వాళ్ళకు భోజనాల సంగతి అడిగితే, ఇల్లు ఆలింగ్‌ది కాబట్టి మర్యాద ప్రకారం ఆవిడే పెట్టుకోవాలన్నాడు పలోమార్. ఊర్సింగ్‌కు ఒళ్ళు మండింది. నోరెత్తితే కాగితం పోతుందని ఆ రోజు అమ్మాల్సిన అరటిపళ్ళన్నీ వాళ్ళకే పంచేసింది. చీకటి పడే వేళకు ఇల్లు గట్టు మీదికి వచ్చింది. పద్నాలుగు ఇళ్ళూ దివ్యంగా ఉన్నాయని, అన్నిట్లోనూ జనం కాపురముంటున్నారని నివేదిక వెళ్ళింది.

పదిహేను రోజులు ఆగి ఊర్సింగ్ కాగితం కోసం నగరపాలక కార్యాలయానికి వెళ్ళింది. గుమాస్తా రిజిస్టరు తిరగేసి ఆవిడను ఎగాదిగా చూశాడు.

"మీ పేరున పద్నాలుగు ఇళ్ళున్నాయి కదమ్మా. కాగితాలు ఇల్లు లేనివాళ్ళకి."

"అవన్నీ ఒకటే ఇల్లు నాయనా."

"పద్నాలుగు చోట్ల అటార్నీ గారి సంతకముంది. ఆయన అబద్ధం రాస్తారా?"

పలోమార్ సెలవులో ఉన్నాడు. ఒక్క ముసలిది పద్నాలుగు ఇళ్ళు కాజేసిందని తెలిసి మేయర్ గారు రేడియోలో పేదల పేరు చెప్పి రెండు నిమిషాలు వాపోయారు. ఆ వారమే పేదవాడికి ఒక్క ఇల్లే ఉండాలని, మిగతావి కూల్చాలని తీర్మానం చేయించారు. పత్రికలు ఆయన్ను ధర్మప్రభువన్నాయి.

సోమవారం పొద్దున్నే సమ్మెటలు, గునపాలు పట్టుకుని కూలీలు దిగారు. వార్డులన్నీ గాలించినా ఒక్క ఇల్లూ దొరక్క, ఊర్సింగ్ చిరునామా కనుక్కుంటూ గట్టుకొచ్చారు. మేస్త్రీ నెమ్మదస్తుడు. గుమ్మానికి అడ్డంగా నించున్న ఊర్సింగ్‌ను చూసి టోపీ తీశాడు.

"మీరు భయపడకండమ్మా. ఒకటి మీదే, దాని జోలికి మేం రాం," అని పదమూడు ఉత్తర్వులు ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడ వెనక ఇంటి గోడ వైపు వేలు చూపించాడు. "ముందు ఈ పదమూడూ కూల్చేస్తాం. మీరు సామాను తీసుకుని ఆ ఒక్కదాంట్లో కూచోండి."