ముందే అనుకున్న వైఫల్యం

"దేశంలో ఏ కంప్యూటరైనా కానివ్వండి, అది ఎంత మొండిదైనా కానివ్వండి, మా నీటి శాఖ సాఫ్ట్‌వేర్ దాని మీద నడిచి తీరుతుంది" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను ఆయన పక్కనే ఉన్నాను. శాఖలో ప్రెస్‌నోట్లు రాయడం నా ఉద్యోగం. నేను రాసిచ్చిన కాగితంలో "నడిపేందుకు ప్రయత్నిస్తాం" అని ఉంది. మంత్రిగారికి ప్రయత్నం అనే మాట గిట్టదు. ప్రయత్నిస్తాం అంటే పని కాలేదని ముందే ఒప్పుకున్నట్టేనట. ఎంత లోతైన మనిషో చూడండి.

ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని చిన్నదే. ఏ వేళకి ఏ వీధికి నీళ్ళు వదలాలో చూసి ఆ వీధి వాల్వు తెరుస్తుంది. ఓపెన్ సోర్స్. అంటే దాని కోడ్‌ని లోకంలో ఎవరైనా చదవచ్చు, తప్పు కనిపిస్తే దిద్ది పంపచ్చు. "దిద్దినవాళ్ళు జీతం అడగరు కదా?" అని సెక్రటరీని ఒకటికి రెండుసార్లు అడిగి, అడగరని రూఢి చేసుకున్నాకే మంత్రిగారు సంతకం పెట్టారు.

చిక్కల్లా కంప్యూటర్లతోనే వచ్చింది. ఒక్కో పంప్‌హౌస్‌లో ఒక్కో కాలం నాటి మిషను. ఉన్న ఒక్క కోడ్‌నీ ప్రతి రకం మిషనుకీ సరిపోయేలా తయారుచెయ్యాలి. దాన్ని బిల్డ్ అంటారు. తయారైంది నిజంగా వాల్వు తెరుస్తోందా లేదా అని చూడాలి. అది టెస్టు. ఈ రెండూ చూసే ఇంజనీరు మా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు. అందరం మా అత్తగారింట్లోనే ఉంటాం, ఆవిడా వాడూ కింద, మేము పైన.

మంత్రిగారి ఛాంబర్‌లో గోడంత బోర్డు పెట్టించారు. మిషను రకానికో లైటు. టెస్టు పాసైతే పచ్చ, పోతే ఎరుపు. రిబ్బన్ కత్తిరించి మంత్రిగారు స్విచ్చి నొక్కగానే లైట్లన్నీ పచ్చగా వెలిగాయి, ఒక్కటి తప్ప.

"అదేంటయ్యా ఎర్రగా?"

"పాత మిషన్లు సార్" అన్నాడు బావమరిది. "ఊరి పాత భాగంలో పంప్‌హౌస్‌లవి."

"బల్బు మార్చండి."

"బల్బు బాగానే ఉంది సార్. నీళ్ళే రావడం లేదు."

"నేను నీళ్ళ గురించి మాట్లాడుతున్నానా?"

సెక్రటరీ బల్బు మార్పించాడు. కొత్తది ఇంకా ఎర్రగా వెలిగింది. మంత్రిగారు మొహం చిట్లించారు. అప్పుడు మావాడు విషయం విడమరిచి చెప్పాడు. ఆ పాత మిషను అంకెల్ని వెనక నుంచి చదువుతుందట. పన్నెండో నంబరు వాల్వు తెరవమంటే దానికి కోట్లలో ఏదో నంబరు కనపడుతుంది. అన్ని కోట్ల వాల్వులు భూమ్మీదే లేవు. అది మాత్రం లేని వాల్వుని తెరిచేసి, పని పూర్తయిందని కబురు పెడుతుంది.

"మన శాఖ మనిషే" అన్నారు మంత్రిగారు ముచ్చటగా.

"బాగుచెయ్యడానికి టైం పడుతుంది సార్. అందాకా, ఈ టెస్టు పోతుందని మాకు ముందే తెలుసు అని ఒక ముక్క రాసిపెట్టుకోవచ్చు. మా పనిలో మామూలే. ఊహించిన వైఫల్యం అంటాం. మర్చిపోకుండా పెట్టుకునే గుర్తు, అంతే."

"అలా రాస్తే లైటు?"

"అనుకున్నట్టే జరిగింది కాబట్టి పచ్చగా..."

వాడి మాట పూర్తికాకుండానే మంత్రిగారు కుర్చీలోంచి లేచి వచ్చి వాణ్ణి కౌగలించుకున్నారు. "నా నెత్తిన పాలు పోశావయ్యా!"

ఆ తర్వాత సంగతి పేపర్లలో చూసే ఉంటారు. ఊహించిన వైఫల్యాన్ని క్యాబినెట్ ఏకగ్రీవంగా ఆమోదించింది, అయిదేళ్ళపాటు. అన్ని శాఖలకీ బోర్డులొచ్చాయి. కొత్త వంతెన కూలుతుందని ప్రారంభోత్సవం రోజే ప్రకటించారు. చెప్పినట్టే కూలింది. పచ్చ. బడి పైకప్పులు కారతాయన్నారు. కారాయి. పచ్చ. ప్రజలకిచ్చిన మాట ఇంత కచ్చితంగా నిలబెట్టుకున్న ప్రభుత్వాన్ని నా సర్వీసులో చూడలేదు.

ఇంట్లో మాత్రం వేరే గొడవ. ఆ పాత పంప్‌హౌస్‌ల్లో ఒకటి మా వీధిదే. పంపు తిప్పితే బుస్సుమని గాలి. మోకాళ్ళు సహకరించని మా అత్తగారు బకెట్టు పట్టుకుని పక్క వీధికి పోయి లైన్లో నిలబడాలి. నేను తెస్తానంటే ఒప్పుకోదు. నాకు ఆఫీసు టైమవుతుందిట.

"నిన్ను కని పెంచి ఇంజనీర్ని చేసింది ఇందుకట్రా? లోకానికంతా నీళ్ళిస్తావు, కన్నతల్లికి గాలా?" అని ఒక రోజు కొడుకుని నిలదీసింది.

"బోర్డు మీద మన వీధి మిషను పచ్చగానే ఉందమ్మా" అన్నాడు వాడు నీరసంగా.

"అయితే ఆ బోర్డు తీసుకొచ్చి బకెట్లో పిండు."

వాడు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

వాడి బాధ ఎవరు విన్నారో ఏమో, ఎక్కడో ఏ దేశంలోనో ఉండే ఒక మనిషి, ఆడో మగో కూడా తెలియదు, నత్త అని మారుపేరు పెట్టుకున్నారు, అలాంటి పాత మిషనే సరదాకి ఇంట్లో ఉంచుకున్నారట. అంకెల్ని సరైన వైపు నుంచి చదివించేలా నాలుగు లైన్ల కోడ్ రాసి పంపారు. మావాడు బిల్డ్ చేశాడు, పాత మిషను మీద నడిపి చూశాడు, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు, శాఖ కోడ్‌లో కలిపేశాడు.

మర్నాడు పొద్దున్న పంపులో నీళ్ళొచ్చాయి. మా అత్తగారు బకెట్లు నింపింది, గిన్నెలు నింపింది, పూలకుండీ కూడా నింపేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఎవరి బిడ్డో గానీ ఆ నత్త కడుపు చల్లగుండ!" అంది.

సరిగ్గా అదే సమయానికి ఛాంబర్‌లో ఎర్ర లైటు వెలిగింది.

"మళ్ళీ ఏం చెడింది?" మంత్రిగారు కేకేశారు.

"చెడలేదు సార్, బాగయింది" అన్నాడు మావాడు. "పోతుందని రాసిపెట్టిన టెస్టు పాసైంది. అనుకోని విజయం అంటాం. రాసిందానికీ జరిగిందానికీ పొంతన లేదని ఎర్ర లైటు వస్తుంది. ఆ గుర్తు తీసేస్తే సరి సార్. ఒక్క లైను."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "అలా తీసేయడానికి వీల్లేదు సార్. అయిదేళ్ళకి క్యాబినెట్ ఆమోదించిన వైఫల్యం. పైగా మన ఊహించిన వైఫల్యం పథకాన్ని చూసి నేర్చుకోవడానికి విదేశీ బృందం వస్తోంది. వాళ్ళు చూడాలని అడిగింది ఈ వీధినే. ఇది మామూలు వైఫల్యం కాదు సార్, మొట్టమొదటిది."

"ఈ విజయానికి బాధ్యులెవరు?"

"విదేశీ హస్తం సార్. నత్త."

మంత్రిగారు మావాడి వైపు వేలు చూపించారు. "బృందం వచ్చేసరికి ఆ లైటు పచ్చగా ఉండాలి. లేదంటే నిన్ను మూతపడ్డ పంప్‌హౌస్‌కి కాపలా వేస్తాను."

ఇంటికొచ్చి వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా నిండు బకెట్లు. మా అత్తగారు "ఆపేస్తావా?" అని మాత్రం అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

"బావా, ఆయన అడిగింది నీళ్ళు ఆపమనా, లైటు మార్చమనా?"

"నీళ్ళ గురించి ఆయన ఎప్పుడు మాట్లాడారురా?" అన్నాను.

వాడు దిగ్గున లేచాడు. నత్త కోడ్ జోలికి పోలేదు. టెస్టు ఒక్కటే మార్చాడు. ఇప్పుడది పాత మిషన్ని లేని వాల్వు ఒకటి తెరవమని అడుగుతుంది. నత్త పుణ్యమా అని మిషనుకి ఇప్పుడు బుద్ధొచ్చింది, అలాంటి వాల్వు లేదంటుంది. టెస్టు పోతుంది. అనుకున్నట్టే పోయింది కాబట్టి బోర్డు పచ్చ. ఓపెన్ సోర్స్ కదా, ఈ మార్పు నత్త కూడా చూసి, ఎందుకిలా చేశావని అడిగారట. "మా మంత్రిగారికి బోర్డు ఉంది" అని మావాడు రాశాడు. "మాకూ ఉంది" అని జవాబొచ్చింది.

ఇక మిగిలింది వీధి. నీళ్ళు రావని మంత్రిగారు నమ్మాలి, వస్తున్నాయని ఎవరూ నోరు జారకూడదు. మా అత్తగారు ఇంటింటికీ వెళ్ళి అందరికీ పాఠం చెప్పింది. బృందం వచ్చే వేళకి వీధి వీధంతా ఖాళీ బకెట్లతో వరసగా నిలబడింది. ఎదురింటి టైలరు నిన్నటి గడ్డం కూడా గీసుకోలేదు.

"ఇబ్బందిగా ఉందా?" అని బృందం నాయకుడు దుబాసీ ద్వారా అడిగాడు.

"చాలా చక్కగా ఇబ్బంది పడుతున్నామండీ" అన్నాడు టైలరు.

మంత్రిగారు ఎర్రటి ఎండలో గంటసేపు మాట్లాడారు. ఎండిన వీధిలో నీళ్ళ సీసా కనపడితే ఫొటోలు పాడవుతాయని సెక్రటరీ కార్లలో ఒక్క సీసా కూడా పెట్టనివ్వలేదు. ప్రసంగం ముగిసేసరికి మంత్రిగారి గొంతు తడారిపోయింది. మా గుమ్మం మెట్టు మీద కూలబడ్డారు.

"అమ్మా, ఓ గ్లాసు మంచినీళ్ళు ఇప్పించమ్మా."

అడిగినవాడికి నీళ్ళు లేవనడం మా అత్తగారి ఒంట్లో లేదు. చెయ్యి తలుపు దాకా వెళ్ళింది కూడా. కొడుకు మొహం చూసింది. మావాడు నేల చూపులు చూస్తున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీళ్ళెక్కడివి నాయనా? రావని మీరే కదా రాయించారు" అంది. బృందం చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఆగాక లోపల్నుంచి చప్పుడు వినిపించింది. పైవాటాలోంచి కంగారుగా దిగి వచ్చిన నా భార్య కింది పంపు కట్టేసి ఉందో లేదో చూసుకోలేదు. బకెట్టు నిండి పొర్లుతోంది.

"అదేం చప్పుడు?" అన్నారు మంత్రిగారు.

"గాలి నాయనా. పంపులో గాలి."

తలుపు కింద నుంచి సన్నటి ధార మెట్టు దిగి, మంత్రిగారి కుడి బూటు చుట్టూ తిరిగి, కాలవలోకి పోయింది. మంత్రిగారు తల వంచి చూశారు. వీధిలో అందరూ చూశారు. సెక్రటరీ ఆకాశం వైపు చూశాడు. మంత్రిగారు రెండుసార్లు గుటకలు మింగి, కాలు మెల్లగా ఎత్తి పొడి నేల మీద పెట్టారు.

"గాలి బాగా వస్తోందమ్మా" అన్నారు.

అప్పుడే ఛాంబర్ నుంచి ఫోనొచ్చింది, బోర్డు మీద అన్నీ పచ్చగా ఉన్నాయని. మంత్రిగారు కారెక్కుతూ, వీధిలో వైఫల్యం సంతృప్తికరంగా ఉందని రాయమని నాతో చెప్పారు. గొంతు ఎండిపోయి మాట సగమే బయటికొచ్చింది గానీ నాకు అర్థమైంది, అలాగే రాశాను. బూటు సంగతి రాయలేదు.