ప్రేగా, ప్రాగా, ప్రాహానా?

విదేశీ క్రీడోత్సవాల పేర్లను తెలుగులో ఎవరు తప్పుగా రాసినా సహించేది లేదని క్రీడాభాషా సమన్వయ మండలి చైర్మన్ ఓబులేసు ప్రొద్దుటూరులో ప్రకటించారు. రోడ్లు, నీళ్లు ఎప్పుడైనా వస్తాయనీ, భాష ఒకసారి పోతే మళ్లీ రాదనీ ఆయన అన్నప్పుడు సభ చప్పట్లతో మారుమోగింది. రోడ్ల సంగతి అడగడానికి వచ్చినవాళ్లు కూడా కొట్టారు.

అలాంటి మండలి ఒకటి ఉందని అంతవరకూ జిల్లాలో ఎవరికీ తెలియదు. పదిహేనేళ్లు పార్టీ జెండాలు కట్టిన ఓబులేసుకు ఏదో ఒక పదవి ఇవ్వాల్సి వచ్చి, ఖాళీ కుర్చీలన్నీ వెతికితే ఇదొక్కటి దొరికింది. ఆయన దాన్ని చిన్నచూపు చూడలేదు. కుర్చీలో కూర్చున్న వారంలోనే పేపర్లో ‘రోలాండ్ గారోస్’ అన్న శీర్షిక చూసి, ఆ టెన్నిస్ వీరుడికి జిల్లా ప్రజల తరఫున అభినందనలు చెబుతూ ప్రకటన ఇచ్చారు. గారోస్‌గారు ఇలాగే ప్రతి ఏడాదీ గెలవాలని కోరారు. అది గెలిచిన మనిషి పేరు కాదనీ, మనం ఫ్రెంచ్ ఓపెన్ అనే పోటీనే అక్కడివాళ్లు అలా పిలుచుకుంటారనీ తెలిసి మర్నాడు ఊరంతా నవ్వింది. మరొకరైతే సిగ్గుపడి ఊరుకునేవారు. ఓబులేసు ఉద్యమం లేవదీశారు.

ఉద్యమానికి ఒక పండితుడు కావలసి వచ్చాడు. డిగ్రీ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన కాశీవిశ్వనాథం ఇంటిముందు చైర్మన్ కారు ఆగింది. అన్నదమ్ములంతా బట్టల వ్యాపారంలో స్థిరపడితే, ఆయనొక్కడే సంధుల్లోనూ సమాసాల్లోనూ స్థిరపడ్డాడు. రిటైరైన ఈ రెండేళ్లలో ఆయన్ని ఎవరూ ఏ విషయమూ అడిగింది లేదు. అందుకే ‘ఆలోచించుకుని చెబుతాను’ అని బెట్టు చేద్దామనుకున్నవాడు, ఓబులేసు గడప దాటేలోగానే ఒప్పేసుకున్నాడు.

“నిపుణుల కమిటీ సార్,” అన్నారు ఓబులేసు.

“కమిటీలో ఇంకా ఎవరెవరున్నారు?”

“మీరే సార్. మీరొకరు ముగ్గురి పెట్టు గదా.”

కారు వెళ్లాక భార్య జయలక్ష్మమ్మ అడిగింది. “పనేందంట?”

“విదేశాల్లో జరిగే పోటీల పేర్లు ఎట్ల రాయల్లో చెప్పడం.”

“ఆ ఊర్లోవాళ్లు రాసుకోరా?”

కాశీవిశ్వనాథం ఆమె వంక జాలిగా చూశాడు. పెద్ద పనులు చేసే మగవాళ్లు ఇళ్లలో అలాగే చూస్తారని ఆయన ఎక్కడో చదివాడు.

మూడో రోజుకే మొదటి కేసు వచ్చింది. పులివెందుల నుంచి తస్లీమా అనే అమ్మాయి, వాళ్ల నాన్న ఇనాయతుల్లాతో కలిసి బస్సు దిగి ఆఫీసుకు వచ్చింది. ఇనాయతుల్లా అరటి మండీలో తూకం చూస్తాడు. తస్లీమా ఇంటర్ రెండో ఏడు చదువుతూ, నడక పోటీల్లో పాల్గొంటుంది. పరుగు కాదు, నడకే. ఎంత వేగమైనా పోవచ్చుగానీ ఒక పాదం నేలమీద ఉండాలి, లేదంటే బయటికి పంపేస్తారు. జాతీయ పోటీల్లో రెండో స్థానం వచ్చింది. మే నెలలో చెక్ దేశపు రాజధానిలో జరిగే యువజన నడక పోటీలకు పిలుపొచ్చింది. కొత్త నిబంధన ప్రకారం వీసాకు మండలి సిఫార్సు ఉత్తరం కావాలి. ఏప్రిల్ ఇరవై ఐదు ఆఖరు తేదీ.

“యాడమ్మా పోటీ?” అని ఆప్యాయంగా అడిగారు ఓబులేసు.

“ప్రేగ్ సార్.”

టైపిస్టు టకటకా కొట్టి కాగితం ముందు పెట్టాడు. ‘ప్రేగు నడక పోటీలు’ అని ఉంది. ఓబులేసు రెండుసార్లు చదివారు.

“పేగులు నడిచేదేందప్పా? ఈ కాగితం కింద నేను సంతకం పెట్టల్లా?”

కాశీవిశ్వనాథానికి ఒళ్లు పులకరించింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ విద్యార్థీ ఆయనకు ఇంత మంచి అనుమానం తేలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “ప్రేగ్ అన్నది ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు. అక్కడివాళ్లు తమ ఊరిని ప్రాహా అంటారు.”

“ప్రాహా,” అన్నారు ఓబులేసు. మళ్లీ అని చూసుకున్నారు. “గొంతులో ఏదో అడ్డం పడినట్టుండాది సార్. ఆలోచించల్ల.”

తస్లీమా మెల్లగా అంది. “సార్, ఉత్తరం ఇంగ్లీషులోనే గదా పోవల్సింది?”

“ఇంగ్లీషులోనే పోతాదమ్మా,” అన్నారు ఓబులేసు. “కానీ ఆఫీసు కాపీ తెలుగులో ఉండల్ల. ఆఫీసు కాపీ లేకుండా అసలు కాపీ ఎట్ల పోతాది?”

ఇనాయతుల్లా చేతులు కట్టుకుని, పెద్దవాళ్లు తన కూతురి కోసం ఇంత ఆలోచిస్తున్నందుకు దండం పెట్టి వెళ్లాడు.

తర్వాతి సమావేశం జమ్మలమడుగు గెస్ట్‌హౌస్‌లో పెట్టారు. ప్రొద్దుటూరు సందడిలో ఆలోచన సాగదని చైర్మన్ అభిప్రాయం. విదేశీ పేర్లను ‘స్థానిక ఉచ్చారణ’ ప్రకారమే రాయాలని అరగంటలో తీర్మానం అయిపోయింది. తర్వాత ఓబులేసుకు ఒక సందేహం వచ్చింది.

“స్థానికమంటే ఏ స్థానం సార్? మనముండేది జమ్మలమడుగులో. ఈడ ఎట్ల పలుకుతారో కనుక్కోవల్ల గదా?”

కాశీవిశ్వనాథం అప్పుడే అడ్డు చెప్పాల్సింది. చెప్పలేదు. తన తీర్మానంలోని మాటకు ఇంత లోతుందని ఆయనకే తెలియనందుకు లోపల్లోపల మురిశాడు కూడా. ఇద్దరూ బస్టాండుకు వెళ్లి పదిమందిని అడిగారు. ఆరుగురు ఆ ఊరికి ఎప్పుడూ పోలేదన్నారు. ముగ్గురు ఏ బస్సెక్కాలో చెబితే పోయి కనుక్కొస్తామన్నారు. పూలమ్మే ఆమె మాత్రం కాసేపు ఆలోచించి, “ఆడ నీళ్లు సక్రమంగా వస్తాయా నాయనా?” అని అడిగింది. ఏకాభిప్రాయం కుదరలేదని ఫైల్లో రాసుకున్నారు.

అసలు వెలుగు భోజనాలయ్యాక వచ్చింది. చేతులు కడుక్కుంటున్న కాశీవిశ్వనాథం కొళాయి కట్టేయడం మరచి కేక పెట్టాడు. “ప్రాగ్! చాలామంది ప్రాగ్ అని కూడా రాస్తారు. ప్రాక్ అంటే సంస్కృతంలో తూర్పు. ప్రాగ్దిశ అంటాం. ప్రేగ్ అనీ ప్రాహా అనీ తన్నుకుంటున్నాంగానీ అది మన మాటే!”

ఓబులేసు ఆయన్ని తడిచేతులతోనే కౌగిలించుకున్నారు. “అంటే ఆ ఊరు మనదేనా సార్?”

“ఊరు కాదు. పేరు.”

“చాలు సార్. ముందు పేరు రానీ.”

చిక్కల్లా ఒక్కటే. ఆ ఊరు మనకు పడమటన ఉంది. పడమటనున్న ఊరికి తూర్పు పేరెందుకొచ్చిందో తేల్చందే నివేదిక నిలవదు. కాశీవిశ్వనాథం ఇంట్లో నిఘంటువులు పరచుకుని తొమ్మిది రోజులు కూర్చున్నాడు. ఆ తొమ్మిది రోజుల్లో ఇనాయతుల్లా నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి బతిమాలుకున్నాడు.

“రేపే ఆఖరు సార్. ఏదో ఒకటి రాసీండి సార్. తప్పైనా ఫరవాలేదు, మేమేం అనుకోం.”

“తప్పు రాయమంటావా? నన్ను?” కాశీవిశ్వనాథం నిజంగానే నొచ్చుకున్నాడు. “ఎల్లుండి ఇస్తా. ఖాయంగా.”

మాట తప్పలేదు. ఎల్లుండికి ఇరవై రెండు పేజీల నివేదిక ఇచ్చాడు. ప్రపంచం గుండ్రంగా ఉంది కనుక, తూర్పుగా పోతూ ఉంటే ఏదో ఒక రోజు ఆ ఊరు తగులుతుందని తేల్చాడు. చైర్మన్ కళ్లకద్దుకుని సంతకం పెట్టారు. ఇనాయతుల్లా ఐదోసారి ఫోన్ చేయలేదు.

మే నెలలో ఒక ఆదివారం ఉదయం ఉప్మా పెడుతూ జయలక్ష్మమ్మ అడిగింది. “ఆ పిల్ల పోటీ ఈ వారమే గదా. పోయినాదా?”

“పేరు ఖాయమైంది,” అన్నాడాయన.

“పేరు గాదు. పిల్ల.”

ఆయన ప్లేటు పక్కకు జరిపాడు. మొదటి రోజే, ఆ అమ్మాయి ముందే, ‘ప్రేగ్ అని రాసేయండి, ఏమీ కాదు’ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆ సంగతి ఆయనకు ఆరోజే తెలుసు. కానీ అలా అనేస్తే నిపుణుడితో పని అక్కడితో అయిపోతుంది. సాయంత్రానికల్లా మళ్లీ ఎవరూ ఏమీ అడగని మనిషైపోతాడు. తన పెద్దరికం ఇంకో నాలుగు వారాలు సాగడం కోసం ఒక పిల్ల కాళ్లు కట్టేశాడు. ఎన్ని నిఘంటువులు తిరగేసినా దీనికి మర్యాదైన మాట దొరికేలా లేదు.

“పోయి ఆ పిల్లకు ఒక మాట చెప్పండి,” అంది జయలక్ష్మమ్మ. “నాకు చెప్పినట్టు ఇరవై పేజీలు వద్దు.”

అవకాశం తొందరగానే వచ్చింది. నెలాఖరున పులివెందులలో మండలి సభ. వేదిక మీద ‘ప్రాగ్ విజయోత్సవం’ అని పెద్ద బ్యానర్ కట్టారు. అక్షరాలు తీర్చిదిద్దినట్టున్నాయి. కాశీవిశ్వనాథం బస్సులో దారంతా ‘అమ్మా, తప్పు నాది’ అని వల్లెవేసుకుంటూ వచ్చాడు. మూడే మాటలు. సమాసం లేదు, సంధి లేదు.

ఓబులేసు మైకు ముందు నిలబడ్డారు. “ఇతర జిల్లాల నుంచి పోయినవాళ్లు ఆ ఊరి పేరు ఎట్లెట్ల రాసుకోని పోయినారో నాకు తెలీదు. మన జిల్లా నుంచి ఎవురూ పోలేదు గనక, మన జిల్లా నుంచి ఒక్క అక్షరదోషం కూడా పోలేదు!”

చప్పట్లు కొట్టారు. కాశీవిశ్వనాథానికి ‘ప్రాగ్విశారద’ బిరుదు ప్రకటించారు. శాలువా కప్పడానికి స్థానిక క్రీడాకారిణిని పిలిచారు.

మెట్లెక్కి వచ్చింది తస్లీమా. ముఖంలో కోపం లేదు. అదే ఆయనకు ఎక్కువ కష్టమనిపించింది. ఆమె శాలువా విప్పి, ఆయన భుజాలకు అందేలా మునివేళ్ల మీద లేచి కప్పింది.

“అమ్మా,” అన్నాడాయన.

“చెప్పండి సార్.”

“అమ్మా, తప్పు...”

అంతలో చైర్మన్ మైకు పట్టుకుని ఇద్దరి మధ్యకీ వచ్చేశారు. “ఇప్పుడేం చేస్తాండావు పాపా? సభకు చెప్పు.”

“వచ్చే నెల ఇంకో పోటీ ఉండాది సార్,” అంది తస్లీమా. “ఈసారి పేరుతో ఇబ్బంది లేని ఊరే చూసుకున్న్యా. మదనపల్లె.”

సభ నవ్వింది. ఓబులేసు నవ్వలేదు. ఆయన నుదురు ముడిపడింది.

“మదనపల్లెనా, మదనపల్లినా?”

మైకు కాశీవిశ్వనాథం నోటి దగ్గరకు వచ్చింది. ముందు వరసలో ఇనాయతుల్లా కూర్చుని ఉన్నాడు. కాశీవిశ్వనాథం నోరు తెరిచాడు. మూడు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. సభంతా ఆయన చెప్పబోయేదానికోసం ఎదురుచూస్తోంది. రెండేళ్లుగా ఇంట్లో గోడ గడియారం తప్ప ఆయన మాట ఎవరూ విన్నది లేదు.

“చాలా మంచి ప్రశ్న,” అన్నాడు కాశీవిశ్వనాథం.

పదకొండు నిమిషాలు మాట్లాడాడు. పల్లె అన్న మాట పుట్టుక దగ్గర మొదలుపెట్టి శాసనాల మీదుగా రైల్వే స్టేషన్ బోర్డుల దాకా వచ్చాడు. మర్నాడు పేపర్లన్నీ అద్భుతమని రాశాయి. కానీ ఆరోజు ప్రసంగం ముగించి, శాలువా సర్దుకుని పక్కకు తిరిగేసరికి తస్లీమా అక్కడ లేదు. ముందు వరసలో ఇనాయతుల్లా కుర్చీ కూడా ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో అప్పుడే తన సంచి పెట్టుకుంటున్నారు.