వెలాఫీ చేలే ఫిర్యాదు

వెలాఫీ చేలే కప్పులు పగలగొట్టింది పక్కింటి నోక్వాజీ. ఇందులో విచారించడానికేమీ లేదు. నీలిపూల టీ కప్పులు ఆరు, భార్య టాండెకిలే కాపురానికి తెచ్చుకున్నవి. ఆమె పోయి మూడేళ్ళు. గోడ అవతల ఆ పిల్ల కంప్యూటర్లో దరువులు తయారుచేస్తుంది. దరువుకి గోడ అదురుతుంది, గోడతో అలమర, అలమరతో కప్పు. ఇక మిగిలినవి రెండు.

వెలాఫీ తెల్లవారకముందే తన వ్యాను టాక్సీ తోలడానికి వెళ్ళి, మధ్యాహ్నం పడుకునే మనిషి. ఆ మధ్యాహ్నాల గోలను తన కేకలతో సహా ఫోనులో పట్టి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. గురువారం టాక్సీ సంఘంలో వినిపించాలని పథకం. ఉమ్లాజీ బస్తీలో పోలీసుల మాటకన్నా సంఘం మాట త్వరగా చెల్లుతుంది. పైగా డిసెంబరులో సముద్రం ఒడ్డున జరిగే పాటల పండుగకి వెళ్ళాలంటే కొత్త పాట ముందు టాక్సీల్లో మోగాలి. సంఘం వద్దంటే ఆ పిల్ల పాట ఎక్కడా మోగదు.

సోమవారం పొద్దున, సరిగ్గా రికార్డయిందో లేదోనని టాక్సీలో పెట్టి చూశాడు. అప్పటికి పదిహేను సీట్లూ నిండాయి. గోడ అవతలి దరువు, ఇవతల ఆయన చీపురుకర్రతో గోడను బాదిన చప్పుడు, మధ్యలో ఆయన కేక: "ఆపవే! నా కప్పు! నా కప్పు!"

వెనక సీట్లో ఆసుపత్రి నర్సు భుజాలు కదిలాయి. "తాతా, కాస్త పెంచు!"

"ఇది పాట కాదు."

"పాట కాకపోతే నా కాళ్ళకేమొచ్చింది మరి?"

ఆయన తీసేయబోయాడు. "తీశావంటే అందరం దిగిపోతాం!" అన్నారు. వంతెన దాటేసరికి టాక్సీ మొత్తం "నా కప్పు!" అని అరుస్తోంది.

ముందు సీట్లో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నామె ఫోను తీసి రికార్డు చేసుకుంది. పండుగ తరఫున కొత్త పాటల కోసం రెండు వారాలుగా టాక్సీలెక్కి తిరుగుతున్న మనిషి. "ఎవరిదండీ ఇది?"

"నాదే. ఫిర్యాదు."

"పేరు అదిరింది! ఇంకా ఉన్నాయా?"

"ఇలాంటివి పదకొండు."

"అయ్యబాబోయ్, ఆల్బమే ఉంది!"

బుధవారానికి స్టాండులో జనం వేరే టాక్సీ ఎక్కడం మానేశారు. చేతుల్లో కప్పులు పట్టుకుని వెలాఫీ బండి కోసమే నిలబడ్డారు. మధ్యాహ్నం పడుకుందామంటే వీధిలో పిల్లలు ఆయన కేకనే ఆయనకంటే గట్టిగా కేకేస్తున్నారు.

గురువారం ఫిర్యాదు కాగితం పట్టుకుని సంఘానికి వెళ్ళాడు. కార్యదర్శి గుమెడే దాన్ని చూడనేలేదు.

"అన్నా, నీ మీదే ఫిర్యాదొచ్చింది. పద్నాలుగుమంది డ్రైవర్లు సంతకం పెట్టారు."

"నా మీదా? ఏమని?"

"గోల."

వెలాఫీ కూర్చున్నాడు. దరువెవరిదో తేలాలని గుమెడే నోక్వాజీని పిలిపించాడు. ఆమె పరుగున వచ్చింది.

"తాతా, ఆ దరువుకి సరిపడే గొంతు కోసం ఏడాదిగా వెతుకుతున్నా. గోడ అవతలే ఉందని నాకేం తెలుసు?"

"గోడ అవతల కప్పులు కూడా ఉండేవి. నాలుగు పోయాయి. మా ఆవిడవి."

పిల్ల మొహం వాడిపోయింది. "ఒక్కసారి తలుపు కొట్టి చెప్పొచ్చుగా తాతా."

"గోడ కొట్టాను."

"ఎవరో తాళం వేస్తున్నారనుకున్నా. నువ్వు గట్టిగా కొట్టినప్పుడల్లా నేనూ పెంచాను."

గుమెడే నవ్వు ఆపుకోలేక కాగితం అడ్డం పెట్టుకున్నాడు. తీర్పు చెప్పాడు: నోక్వాజీ స్పీకరు పెట్టెలన్నీ అవతలి గోడకు మారాలి, పాట పండుగకి పోవాలి, ఇక మీద అది అన్ని టాక్సీల్లోనూ మోగాలి. వెలాఫీ మొహం చిట్లించుకునే సంతకం పెట్టాడు.

శనివారం నోక్వాజీ క్షమాపణకి వచ్చింది. మూడేళ్ళుగా ఎవరూ తాగని రెండో కప్పులో ఆయన టీ పోశాడు. తాగడం అయ్యేదాకా ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉంది. అలమర కదల్లేదు. ఆ మధ్యాహ్నం వెలాఫీ నాలుగు గంటలు నిద్రపోయాడు.

డిసెంబరులో సముద్రం ఒడ్డున వేలమంది "నా కప్పు!" అని ఎగిరారట. ఆయన వెళ్ళలేదు. అడిగినవాళ్ళకల్లా ఒకటే జవాబు: "ఆ సంగతి నా దగ్గర ఎత్తొద్దు!"

అది కూడా తాళంలో పడుతోందని నోక్వాజీ అన్న రోజునుంచి, ఆ మాట అనడమూ మానేశాడు.