వంగరెడ్డికూర ప్రొఫెసర్

ఫార్మసీ విద్యలో ఒక మనిషి విలువెంతో తేల్చే పని ఇప్పుడు మనుషుల చేతుల్లో లేదు. ఆ భారాన్ని కాలేజీలకు ర్యాంకులిచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దయతో తీసుకుంది. పాఠం అర్థమయ్యేలా చెబుతాడా, మోతాదు తప్పు రాస్తే పట్టుకుంటాడా లాంటి చిల్లర విషయాలు పోర్టల్‌కు అక్కర్లేదు. ఎక్కడో ఎవరో రాసిన వ్యాసం చివర మన వ్యాసం పేరు కనబడాలి. దాన్ని సైటేషన్ అంటారు. అవి ఉన్నవాడు పండితుడు, లేనివాడు ఉత్త పాఠాలు చెప్పుకునేవాడు.

కృష్ణపట్నం దారిలో, బొగ్గు లారీల దుమ్ము మధ్య ఉన్న ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ ముబీన్ ఈ లెక్కన మహాపండితుడు. ఉప్పునేలల్లో మొలిచే వంగరెడ్డికూర అనే ఆకు రసం తాగిస్తే ఎలుకల్లో షుగర్ అమాంతం పడిపోయిందని ఆయన రాసిన వ్యాసానికి ఆ కాలేజీలో ఎవరికీ రానన్ని సైటేషన్లు వచ్చాయి. అన్నీ తిట్లే. మేమూ తాగించాం, ఏమీ తగ్గలేదని బ్రెజిల్ వాళ్లు రాశారు. ఈ ఫలితం ఎలా వచ్చిందో మాకు బోధపడలేదని కొరియా వాళ్లు మర్యాదగా రాశారు. (పోర్టల్‌లో పొగడ్తకూ తిట్టుకూ వేరు వేరు గళ్లు లేవు. రెండింటికీ ఒకటే మార్కు.) కాలేజీ ఆయనకు శాలువా కప్పింది. పేపర్లో జిల్లా పేజీలో ఫొటో పడింది.

ఎలా వచ్చిందో ముబీన్‌కు కాస్త ఆలస్యంగా బోధపడింది. ప్రయోగం నడుస్తుండగా తుఫాను వచ్చి కాలేజీకి సెలవులిచ్చారు. రసం తాగని ఎలుకలు కింద వరండాలో ఉన్నాయి గనుక వాచ్‌మన్ తన అన్నంలోంచి ఇంత పెట్టాడు. రసం తాగే ఎలుకలు మేడ మీద గదిలో ఉన్నాయి. ఆ గది తాళంచెవి ముబీన్ ప్యాంటు జేబులో, ప్యాంటు ఇంట్లో కొక్కేనికి, ముబీన్ దుప్పట్లో. తిండి లేని ఎలుకకు షుగర్ పడిపోక ఏం చేస్తుంది? అప్పట్లో ఇదేమీ తెలియక, వాన వెలిశాక ఆ అంకెలు చూసి ఆయన కళ్లు ఆనందంతో చెమర్చాయి. (సైన్సు అప్పుడప్పుడు ఇలాగే కటాక్షిస్తుంది.)

నవ్వుకుని వదిలేయాల్సిన సంగతే, ఇందుకూరుపేటలో ఆయన్ను పెంచిన పెద్దమ్మ జైతూన్‌బీ లేకపోతే. ప్రపంచంలో ఆ పరిశోధనను నమ్మిన ఏకైక వ్యక్తి ఆమె. (ఎక్కడా సైట్ చేయలేదు కాబట్టి లెక్కలోకి రాదు.) పేపర్లో చదివించుకుని షుగర్ మాత్రలు మానేసి, రోజూ పొద్దున్నే ఆకు నూరి రసం తాగుతోంది. ఒక ఆదివారం ముబీన్ వెళ్లేసరికి ఆమె కాలి పుండు మానకుండా ఉంది. షుగర్ చూస్తే మీటరు అంకె చూపడం మానేసి 'హై' అంది.

"పెద్దమ్మా, ఆ రసంతో ఏం తగ్గదు. నేను రాసింది తప్పు. ఎలుకలకి కూడు పెట్టలా, అందుకే తగ్గింది."

"నువ్వు అంటే సరిపోద్దా అబ్బయా? తప్పని యాడ రాసినారో చూపించు. తప్పయితే నీకు శాలువా ఎందుకు కప్పినారు?"

మర్నాడు ముబీన్ కాలేజీలో సైటేషన్లు పెంచే ప్రభావాభివృద్ధి విభాగం డీన్ పెంచలకృష్ణ గారి దగ్గరికి వెళ్లి, వ్యాసం వెనక్కి తీసుకుంటానన్నాడు.

డీన్ గారు తలుపు వేశారు. "ముబీన్ గారూ, మిమ్మల్ని తిట్టేవాళ్ల మీదనే మన ర్యాంకు నిలబడి ఉండాది. ప్రొఫెసర్ ఇంటర్వ్యూ పెట్టుకొని ఇప్పుడు నిజం ఎందుకండీ?"

అయినా ముబీన్ ఆ వ్యాసం వేసిన పత్రికకు వివరణ పంపాడు. తుఫాను, తాళంచెవి, ప్యాంటు, అన్నీ రాశాడు. పత్రిక ఆ వివరణను అచ్చువేసి, పాత వ్యాసం మీద 'ఉపసంహరణ' అని ఎర్రగా ముద్ర కొట్టింది. ఆ ఎరుపు ఫోన్లో చూసి పెద్దమ్మ మాత్రలకు దిగింది. పుండు మానడం మొదలైంది. ముబీన్ జీవితంలో ఫలితమిచ్చిన పరిశోధన అదొక్కటే.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తాళంచెవిని జేబులో పెట్టుకున్న శాస్త్రవేత్త కథ దేశదేశాల వాళ్లకు నచ్చింది. పరిశోధన ఎలా చేయకూడదో రాసే ప్రతివాడూ ఆ వివరణను ఉదహరించాడు. పోర్టల్ దాన్ని కొత్త వ్యాసంగా నమోదు చేసింది. పాతదాన్ని తీసేయడానికి పోర్టల్‌లో మీట లేదు. (అడిగితే, ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు.) తప్పుకొకటి, ఒప్పుకోలుకొకటి, రెండు పద్దుల కింద సైటేషన్లు కుప్పలు పడ్డాయి. ఇంటర్వ్యూ కమిటీ కాగితం తిప్పకుండానే ముబీన్‌ను ప్రొఫెసర్‌ను చేసింది. 'వంగరెడ్డికూర పరిశోధకుడికి అత్యున్నత హోదా' అని పేపర్లో మళ్లీ పడింది, ఈసారి రంగుల్లో.

ఆ వారం ముబీన్ స్వీట్ల పెట్టెతో ఇందుకూరుపేట వెళ్లాడు. జైతూన్‌బీ రోటి ముందు కూర్చుని ఆకు నూరుతోంది.

"మాత్రలు ఏవి పెద్దమ్మా?"

"ఎందుకు నాయనా? ఆ రోజు ఎవురో కుళ్లుబోతులు నీ చేత తప్పని రాయించినారు. తప్పయితే ప్రొఫెసర్‌ను చేస్తారా?"

"నా మాట నమ్ము. తప్పే."

ఆమె రుబ్బడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. "అయితే ఆ పదవి వద్దని రాసిచ్చి రా. ఈ పొద్దే మాత్ర వేసుకుంటా."

ఆమె కాలి కట్టు మళ్లీ తడిసి ఉంది. ముబీన్ దానివంక చూశాడు. ఒకటో తారీఖు నుంచి రాబోయే కొత్త జీతం సంగతి ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. అది ఉప్పునేల ఆకు కాబట్టి బాగా కడిగి నూరుకోమని, ప్రొఫెసర్ హోదాలో, సలహా ఇచ్చాడు.