తాతయ్య తాబేలు

అమ్మమ్మ మంచం మీద పెద్ద సంచి తెరిచి బట్టలు సర్దుతోంది. అది చూసి తాతయ్య గుండె జారింది. సెలవులకు వచ్చిన మనవరాలి బడి తెరవడానికి ఆదివారం తర్వాత కూడా పది రోజులుంటాయి. అయినా పిల్లకు కొత్త కంప్యూటర్ కొన్నామని, ఆదివారమే వచ్చి తీసుకెళ్తానని అల్లుడు కబురు పెట్టాడు.

ఆ పది రోజులూ దక్కించుకోవాలని తాతయ్య ఒక ఎత్తు వేశాడు. మూలనున్న పాత కంప్యూటర్‌లో పిల్లలకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు నింపేస్తే పిల్ల కుర్చీకి అతుక్కుపోతుంది, కొత్తదాని ఊసే ఎత్తదు. వెతికి వెతికి మూడు ఏరాడు. బొమ్మలు గీసేదొకటి, బాణీలు కట్టేదొకటి, ఆజ్ఞలు రాసిన రంగు బ్లాకులు ఒకదానికొకటి తగిలించి తెర మీద తాబేలును నడిపించేదొకటి.

అంతవరకు బాగానే ఉంది. కానీ తాతయ్య నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసిన మనిషి. తన బల్ల మీద మూడు రోజులు నడవనిదే ఏ గడియారాన్నీ ఎవరి చేతికీ ఇచ్చి ఎరుగడు. సాఫ్ట్‌వేర్‌కూ అదే చట్టం. దాంతో మూడు రోజులూ కుర్చీకి అతుక్కున్నది ఆయనే. మనవరాలు చెయ్యి చాపితే, ఇంకా పరీక్షలో ఉందమ్మా అని పక్కకు జరిపాడు. ఆయన గీసిన ఏనుగు బిందెలా వచ్చింది. ఆయన కట్టిన బాణీకి ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. తాబేలైతే తెర అంచు దాటి పోయింది.

"వెనక్కి తిరగమనే బ్లాకు పెట్టలేదు తాతయ్యా," అంది మనవరాలు. "చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?"

ఆదివారం పొద్దున తాతయ్య, పరీక్ష ముగిసిందని ప్రకటించి కుర్చీ ఖాళీ చేశాడు. పిల్ల కూర్చోలేదు. చెప్పులు వేసుకుంటోంది.

"అవన్నీ ఉచితమే కదా తాతయ్యా. మా కంప్యూటర్‌లో పది నిమిషాల్లో వేసుకుంటా. రోజూ నువ్వు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు నేనూ అమ్మమ్మా మూడూ నేర్చేసుకున్నాం."

తాతయ్య బిక్కమొహం వేసుకుని భార్యవైపు తిరిగాడు.

"నేనూ వెళ్తున్నానండీ, ఈ పది రోజులూ. మేమిద్దరం కడుతున్న పాట సగంలో ఉంది. సంచి చూశారు కదా, అందులో పిల్ల గౌను ఒక్కటైనా కనిపించిందా?"

వంగి చూశాడు. అన్నీ ఆమె బట్టలే. పైన ఆమె కళ్లజోడు పెట్టె.

"నేను లేకుండా మీరు నడుస్తారో లేదో, అదీ ఓసారి పరీక్షిద్దాం," అంది అమ్మమ్మ జిప్పు లాగుతూ.

ఆ సాయంత్రం తాతయ్య ఒక్కడే కూర్చుని తాబేలును మళ్లీ నడిపించాడు. వెనక్కి తిరగమనే బ్లాకు మళ్లీ మరిచాడు.

అమ్మమ్మ పదో రోజున వచ్చింది. మనవరాలు తర్వాతి సెలవులకు వచ్చింది. తాబేలు ఆ ఆదివారం సాయంత్రం ఆరింటికి తెర కుడి అంచు దాటింది. ఇంతవరకు తిరిగి రాలేదు.