తిన్నగా కొట్టిన బిరడా

ఆదివారం పొద్దున్నే దోసిందా సముద్రం ఆటుకి వెనక్కి తగ్గి బయటపడ్డ ఇసుకలో ఆల్చిప్పలు ఏరడానికి వెళ్లగానే, ఆమె మొగుడు ఫిర్మీనో వంటింట్లో దొంగపనికి దిగాడు. తన సీసాలో ఇంకొకడి వైన్ పోస్తున్నాడు.

ఇంటి వెనక రాతి స్తంభాల మీద ద్రాక్ష పందిరి ఉంది. పెళ్లయిన ఏడాది ఇద్దరూ కలిసి నాటారు. ఆ పందిరి ద్రాక్షతో తను చేసే తెల్ల వైన్, అల్బరీన్యో, అంటే ఫిర్మీనోకి ప్రాణం. దోసిందాది మాత్రం ముప్పయ్యేళ్లుగా ఒకటే మాట: "కిటికీ అద్దాలు తుడవడానికి దీన్ని మించింది లేదు."

ఈసారి సంగతి గొడ్డలి దాకా వచ్చింది. "మధ్యాహ్నం అన్నయ్య వస్తున్నాడు. ఆయన మూతి తిప్పాడా, పందిరి కొట్టేసి నా ఆల్చిప్పల బుట్టలకి షెడ్డు వేయిస్తా!"

అన్నయ్య సెర్వాందో వైన్ పోటీల్లో తీర్పరి. నాలుక అందరికీ ఉంది. ఈ బాపతు జనం నాలుకకి హోదా కూడా ఉంటుంది, అంతే తేడా. అందుకే ఫిర్మీనో బంగారు పతకం కొట్టిన వైన్ తెచ్చి, తన లేబుల్ లేని సీసాలోకి వంచి, బిరడా బిగించి, ఏమీ ఎరగనట్టు కోళ్లకి గింజలు వేస్తూ నిలబడ్డాడు.

భోజనాల దగ్గర సెర్వాందో, ఆ ఇంట్లో వైన్ తాగే పింగాణీ గిన్నె పక్కకి నెట్టి, కోటు జేబులోంచి సొంత గ్లాసు తీశాడు. అందులో ముక్కు దూర్చాడు. ముక్కు ఎంతకీ బయటికి రాలేదు.

"ఉన్నావా, పోయావా బావా?" అన్నాడు ఫిర్మీనో.

"ఉష్! తడిరాయి... ఉప్పుగాలి... పచ్చి ఆపిల్..."

"పళ్లబండి వాడిలా ఆ కేకలేంటి అన్నయ్యా? బాగుందా, లేదా?" అంది దోసిందా.

"అద్భుతం! ఆల్చిప్పలకి ఇంతకంటే జత దొరకదు. కానీ చెల్లీ, నీ పులుసే ఏదో తేడా కొడుతోంది. బావా, ఓ డజను సీసాలు ఇవ్వు, పోటీకి పంపుతా."

ఫిర్మీనో దగ్గర మిగిలినవన్నీ తన పందిరి సీసాలే. తనది పంపితే ఊరంతా నవ్వుతుంది.

"ఇది నాది కాదు బావా. కొన్నది. దోసిందా, పందిరి కొట్టెయ్యవే," అన్నాడు తల దించుకుని.

"ముందు తాగి చూడు," అంది దోసిందా.

భయంతో అతను అప్పటిదాకా చుక్క ముట్టలేదు. గుటక వేశాడు. చివర్లో నాలుక అంచున చిన్న చేదు. తన పందిరిదే!

"ముప్పయ్యేళ్లలో నీ బిరడా ఒక్కసారైనా తిన్నగా కూర్చుందా?" అంది దోసిందా. "చిప్పలేరుకుని వచ్చేసరికి బల్ల మీద బుద్ధిగా నిలబడ్డ బిరడా చూడగానే అనుమానమొచ్చింది. కిందగదిలోంచి వంకర బిరడా సీసా తెచ్చి పెట్టా."

"మరి బంగారు పతకం?"

"పులుసులో పోశా."

సెర్వాందో చేతిలో చెంచా జారిపోయింది.

"మరి ఇన్నేళ్లూ తిట్టావెందుకే?"

"మెచ్చుకుంటే పందిరి కింద మంచమేసుకు పడుకునేవాడివి. పొద్దంతా మోకాల్లోతు చన్నీళ్లలో వంగి ఇంటికొచ్చేదాన్ని. నాకు నీ గిన్నెడు వైనే పడుతుందయ్యా, ఇంకోటి సయించదు."

ఫిర్మీనో ముక్కు ఎగబీల్చాడు. "అయితే గొడ్డలి?"

"తియ్యి. కట్టెలు కొట్టు. పులుసు మళ్లీ పెట్టాలి, ఈసారి నీది పోసి."

వంకర బిరడా జేబులో వేసుకుని, గొడ్డలి భుజాన పెట్టుకుని, మొహం తుడుచుకుంటూ పందిరి కిందుగా వెళ్లాడు ఫిర్మీనో.