బాలగురవయ్య ఒంటి వాసన

ఆ సోమవారం ఉదయం పదింపావుకు అటవీ సెక్షన్ ఆఫీసులోని గండుచీమలు వాచర్ బాలగురవయ్య చచ్చిపోయాడని నిర్ధారించి, మోసుకెళ్లి కాంపౌండు వెనక చెత్తకుప్ప మీద పడుకోబెట్టాయి. అప్పటికతను హాజరుపట్టీలో సంతకం చేసి టీ తాగుతున్నాడు.

కొత్త నియామకాలు ఆగిపోయాక ఆఫీసు పనంతా ఈ చీమలే చూస్తున్నాయి. అడవిలో ఎక్కడపడితే అక్కడ కనిపించే రకమే: నల్లటి ఒళ్లు, పెద్ద తల, ఉందా లేదా అనిపించే నడుము, మోచేతిలా మడిచిన మీసాలు. ఎంత బుద్ధిమంతులంటే, ముందున్నది ఎటు పోతే వెనకది అటే పోతుంది. ఎందుకని ఒక్కటీ అడగదు. ఎదురుపడితే మీసాలు తాకించి వాసన చూసుకుంటాయి. మనవాడి వాసనైతే దారి, పరాయిదైతే కాటు, చచ్చినవాడిదైతే కుప్ప. ఆ శవం లేచి నడిచినా, నోరారా తిట్టినా వాటికి పట్టదు. చూపు అంతంతమాత్రం, చెవులు అసలే లేవు. ఆఫీసుకు ఇంతకంటే ఏం కావాలి?

బాలగురవయ్య ఒళ్లు దులుపుకుని వెనక్కొచ్చాడు. మళ్లీ మోసుకెళ్లాయి. మధ్యాహ్నంలోగా నాలుగుసార్లయింది. ఇరవై రెండేళ్లుగా దినకూలీ మీద అడవిని కాస్తున్న మనిషి. పర్మనెంటు చేసేవాళ్ల జాబితా శుక్రవారం పైకి వెళుతోంది. చచ్చినవాణ్ణి పర్మనెంటు చేసే జీవో ఇంకా రాలేదు. పాపం, అతనికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

"సార్, నేను బతికే ఉండా గదా! మీరన్నా చెప్పండి సార్," అని హెడ్ గుమాస్తా ఓబుళేసును బతిమాలాడు.

ఓబుళేసు ఫైలులోంచి తలెత్తలేదు. "ఉండావులేప్పా, కనపడతానే ఉండావు. పోయిన వారం దొంగదుంగల లారీ మీద పైకి ఫిర్యాదు రాస్తివే, దాని వాసన పట్టుకునింది నీకు. వాపసు తీసుకుంటున్నానని ఒక కాయితం రాసియ్యి, అదే పోతాది."

"నా కండ్లతో చూసినా సార్. మనోళ్లే గేటెత్తినారు."

"అదో, మళ్లీ కొడతాంది కంపు," అంటూ ఓబుళేసు ముక్కు మూసుకున్నాడు.

మంగళ, బుధవారాలు పురుగుల రెక్కల మధ్య, గింజల పొట్టు మధ్య కుప్ప మీదే గడిచాయి. ఇంట్లో భార్య సుంకులమ్మ కుంకుడుకాయలతో తల రుద్దింది, వేపాకు నీళ్లు కుమ్మరించింది. ఏం చేసినా వాసన వదల్లేదు.

"ఆ లారీ ఏమన్నా మనింటి మీదికి వచ్చెనా? రాసిచ్చి రాపో! ఇరవై రెండేండ్ల చాకిరీ మట్టిలో కలపతావా?" అని ఆమె ఏడ్చేసింది.

గురువారం రాసిచ్చాడు. సంతకం పెడుతూ సిగ్గుతో చచ్చిపోయాడు. సరిగ్గా ఆ క్షణం నుంచే చీమలు అతణ్ణి బతికున్నవాడిగా గుర్తించాయి. మీసాలతో ఒళ్లంతా తడిమి, దారిచ్చాయి. శుక్రవారం జాబితాలో అతని పేరు వెళ్లింది.

పై నెలలో ఓబుళేసు నరికిన చెట్ల సంఖ్యను పొరపాటున ఉన్నదున్నట్టు రాసి పంపించాడు. మర్నాడు పదింపావుకు చీమలు ఆయన కుర్చీ చుట్టూ చేరాయి.

"గురవయ్యా, ఏందప్పా ఇది? నేను నిక్షేపంగా ఉండానని చెప్పు వీటికి!" అని ఆయన బల్లను కరుచుకున్నాడు.

సగం చీమలు అప్పటికే డిప్యుటేషన్ మీద పక్క సెక్షన్‌కు వెళ్లి ఉన్నాయి. ఓబుళేసు చూస్తే భారీ మనిషి. బాలగురవయ్య వంగి వాసన చూశాడు. నిజంగానే కొట్టింది.

"ఊరికే గింజుకోవద్దండి సార్, నడుం పట్టేస్తాది," అని మర్యాదగా చెప్పి, ఎడమకాలు తను పట్టుకున్నాడు.